గరికపాడు వంతెన దగ్గర గుర్తొచ్చిన నవాబ్ సాహెబ్: ఇంజినీర్ అలీ నవాజ్ జంగ్ జీవితం

విజయవాడ నుంచి హైదరాబాద్ పోయే బస్సులో చిల్లకల్లు దాటాక గరికపాడు వస్తుంది. మనలో చాలామందికి ఆ ఊరంటే చెక్‌పోస్టే. ఆగి ఉన్న లారీలు, టీ కొట్లు, ఇంకాస్త ముందుకెళ్తే తెలంగాణ. ఊరి పక్కనే పాలేరు వాగు ఉందని, దాని మీద వంతెన ఉందని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం నాడు మాత్రం అందరూ పట్టించుకున్నారు. ముందు రోజు నుంచి ఆగకుండా పడిన వానకి పాలేరు పొంగి, వంతెనను ఆనుకుని ఉన్న రోడ్డును కోసేసింది. హైదరాబాద్, విజయవాడ మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. అదే రోజుల్లో మున్నేరు ఖమ్మాన్ని ముంచింది, నందిగామ దగ్గర ఐతవరంలో హైవే ఎక్కింది. బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు మునిగాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు కిందికి వదిలారు.

ఆ వరద తర్వాత నాకొక సందేహం వచ్చింది. ఈ పాలేరు ఎక్కడి నుంచి వస్తుంది, పైన దీన్ని ఎవరైనా ఎప్పుడైనా ఆపే ప్రయత్నం చేశారా అని. నేను బీకాం చదివినవాణ్ణి, ఇంజినీర్ని కాదు. అయినా వెతుక్కుంటూ పోతే ఖమ్మం జిల్లా కూసుమంచి మండలంలో పాలేరు రిజర్వాయర్ దగ్గర తేలాను. అది కట్టింది నిజాం కాలంలో, 1920ల చివర్లో. ఆ రోజుల్లో నిజాం సర్కారు పబ్లిక్ వర్క్స్ శాఖను నడిపిన చీఫ్ ఇంజినీర్ ఒక ముస్లిం. పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. తెలంగాణలో చదువుకున్నవాళ్లకు ఈ పేరు కొంత తెలుసు. మన కృష్ణా జిల్లా వైపు (ఇప్పుడు గరికపాడు ఎన్టీఆర్ జిల్లాలోకి వస్తుంది లెండి) నేను అడిగిన పది మందిలో ఒక్కరికీ తెలియదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి మీర్ వాయిజ్ అలీ నిజాం సర్కారులో ఉద్యోగి. పెద్ద జాగీర్లున్న ఖాన్‌దాన్ అని చెప్పలేం గానీ చదువు విలువ తెలిసిన ఇల్లు. అబిడ్స్‌లోని సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్లో, ఆ తర్వాత నిజాం కాలేజీలో చదువుకున్నారు. 1896లో సర్కారు స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ పంపించారు. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్లు.

వెళ్లింది కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజినీరింగ్ కాలేజీకి. ఈ కాలేజీ గురించి రెండు మాటలు చెప్పాలి. అది ఇంగ్లండ్‌లోనే ఉన్నా, పెట్టింది మాత్రం మన దేశంలో రోడ్లు, కాలువలు, వంతెనలు కట్టే ఇంజినీర్లను తయారు చేయడానికి. చదివేవాళ్లలో దాదాపు అందరూ ఇంగ్లీషు పిల్లలే. వాళ్లు అక్కడ నేర్చుకుని ఇక్కడికొచ్చి దొరలయ్యేవారు. అలాంటి చోట హైదరాబాద్ కుర్రాడు మూడేళ్లు చదివి, 1899లో పట్టా పుచ్చుకుని వెనక్కి వచ్చాడు. వచ్చిన ఏడాదే నిజాం పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా చేరాడు. చేతికి హునర్ ఇచ్చింది సర్కారు, దాన్ని తిరిగి ఆ సర్కారుకే ఇచ్చాడు. ఇంకా తొమ్మిదేళ్లకు ఆ హునర్ ఎందుకు కావాలో హైదరాబాద్ మొత్తానికి తెలిసొచ్చింది.

1908 సెప్టెంబర్ 28. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. మూసీ నది మీద ఆకాశం చిల్లుపడినట్టు వాన కురిసింది. తెల్లారేసరికి నది నగరంలోకి వచ్చేసింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. హైదరాబాద్ పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని తుగ్యానీ సితంబర్ అంటారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆ వరదలోనే కొట్టుకుపోయారు, ఇంట్లో ఆయన ఒక్కడే మిగిలాడు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇళ్లు పోయినవాళ్ల కోసం తన మహళ్ల తలుపులు తెరిపించారు.

మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన మూసీ పరీవాహక ప్రాంతమంతా కొలిపించి తేల్చిన ఒక విషయం నన్ను చాలా ఆలోచింపజేసింది. నగరానికి ఎగువన ఆ ప్రాంతంలో 788 చెరువులున్నాయి. చదరపు మైలుకు ఇంచుమించు ఒక చెరువు అన్నమాట. వాటిలో 221 చెరువుల కట్టలు ఆ వానకి తెగాయి. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. దానికి అలుగు చాలదు, కట్ట పైనుంచి పొర్లుతుంది, మట్టికట్ట కోసుకుపోతుంది. ఆ రెండింటి నీళ్లూ కలిసి మూడోదాని మీద పడతాయి. గొలుసుకట్టు చెరువులు బాగున్నన్నాళ్లు ఎంత మేలో, అందులో ఒక్కటి తెగితే అంత చేటు. నగరం మీద పడింది వాన ఒక్కటే కాదు, తెగిన చెరువుల నీళ్లు కూడా.

విశ్వేశ్వరయ్య చెప్పిన మందు, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టడం. మొదటిది ఉస్మాన్ సాగర్, మనం గండిపేట అంటాం, 1920లో పూర్తయింది. రెండోది హిమాయత్ సాగర్, 1927లో పూర్తయింది. మొదటిది ఏడో నిజాం పేరు మీద, రెండోది ఆయన పెద్ద కొడుకు పేరు మీద. ప్రణాళిక విశ్వేశ్వరయ్యది. ఆ ప్రణాళిక కాగితం మీద ఉండిపోకుండా రాయి, సున్నంగా మార్చింది హైదరాబాద్ పబ్లిక్ వర్క్స్ శాఖ. ఈలోగా మీర్ అహ్మద్ అలీ అదే శాఖలో మెట్టు మెట్టుగా ఎదిగి సెక్రటరీ అయ్యారు, చీఫ్ ఇంజినీర్ అయ్యారు, నిజాం ఇచ్చిన బిరుదుతో అలీ నవాజ్ జంగ్ అయ్యారు. ఒకరి ఘనత చెప్పడానికి ఇంకొకరిని తగ్గించడం మన దగ్గర మామూలైపోయింది. ఇక్కడ ఆ అవసరం లేదు, ఇద్దరి పనీ కలిస్తేనే ఆ నగరం నిలిచింది.

వరదను ఆపే జలాశయం ఎలా పనిచేస్తుందో నా భాషలో చెప్తాను. బ్యాలెన్స్ షీట్ లాంటిదే. లోపలికి వచ్చేది, బయటికి పోయేది, ఓపెనింగ్ బ్యాలెన్స్. వానాకాలంలో ఓపెనింగ్ బ్యాలెన్స్ ఎక్కువ పెట్టుకుంటే వరద వచ్చినప్పుడు చోటుండదు. మరీ తక్కువ పెట్టుకుంటే వాన సరిగ్గా పడకపోతే ఎండాకాలం తాగడానికి ఉండదు. ఉస్మాన్ సాగర్‌లో దాదాపు 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్‌లో దాదాపు 3 టీఎంసీలు పడతాయి. ఈ రెండూ నగరానికి తాగునీరూ ఇవ్వాలి, వరద కోసం చోటూ ఉంచాలి. ఈ లెక్క ప్రతి ఏడాదీ, ప్రతి వానకీ కొత్తగా వేయాల్సిందే. కట్టినవాడు పోతాడు, గేటు దగ్గర నిలబడి లెక్క వేసేవాడు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

ఇక మన వైపు సంగతికి వద్దాం. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతానికి నీళ్లు తెచ్చేవి పాలేరు, మున్నేరు, వైరా. మూడూ పై నుంచి, అప్పటి నిజాం రాజ్యం నుంచి దిగి వస్తాయి. కింద మనది ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాష్ట్రం. అలీ నవాజ్ జంగ్ శాఖ పాలేరు వాగు మీద పాలేరు రిజర్వాయర్, వైరా నది మీద వైరా రిజర్వాయర్ కట్టింది. రెండూ 1920ల చివర, 1930 నాటికి తయారయ్యాయి. అవి ఖమ్మం వైపు పొలాల కోసం కట్టినవి, మనకోసం కాదు. కానీ నీటికి సరిహద్దు ఎక్కడిది? తర్వాత నాగార్జున సాగర్ ఎడమ కాలువ తవ్వినప్పుడు దాన్ని ఈ పాలేరు రిజర్వాయర్‌లోకే తెచ్చి కలిపారు. ఇప్పుడు అది ఆ కాలువకు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. ఆ కాలువ ఖమ్మం దాటి మన జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు వైపు వస్తుంది. అంటే మన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు పట్టుబట్టి సాధించిన సాగర్ నీళ్లు, నవాబ్ సాహెబ్ కాలంలో కట్టిన చెరువు మీదుగా మన పొలాల్లోకి వస్తున్నాయి. ఆ ఇద్దరూ ఎప్పుడైనా ఎదురుపడ్డారో లేదో గానీ వాళ్ల పనులు కూసుమంచి దగ్గర కలిశాయి.

నవాబ్ సాహెబ్ పేరు చెప్పగానే ఇంజినీర్లు ముందు చెప్పేది నిజాం సాగర్. మంజీరా నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయింది. పొడవు దాదాపు 3 కిలోమీటర్లు. మొదట్లో దాని సామర్థ్యం 29.7 టీఎంసీలు, ఆయకట్టు 2,75,000 ఎకరాలు. ఆ రోజుల్లో మన దేశంలో అంత పెద్ద పని తక్కువ. ఆ నీళ్ల కోసమే మన కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు బండ్లు కట్టుకుని నిజామాబాద్ వెళ్లి స్థిరపడ్డారు. బోధన్, బాన్సువాడ, వర్ని చుట్టుపక్కల క్యాంపు అనే పేరుతో కనిపించే ఊళ్లు చాలావరకు వాళ్లవే. మీ బంధువుల్లోనో, పక్కింటి వాళ్లలోనో క్యాంపులో చుట్టాలున్నవాళ్లు ఉండే ఉంటారు. బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది కూడా ఆ చెరకు వల్లే. నిజామాబాద్ దగ్గర అలీసాగర్‌కు ఆ పేరు ఆయన మీదుగానే వచ్చిందంటారు.

అన్నీ మెచ్చుకోలు మాటలే రాస్తే సరిపోదు. నిజాం సాగర్ కింద పంట పండింది గానీ, దాని కడుపులో ఊళ్లు మునిగాయి. 40కి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇంకో సంగతి పూడిక. మంజీరా తెచ్చే మట్టి అనుకున్నదానికంటే వేగంగా పేరుకుంది. 1970ల నాటికి సామర్థ్యం 11.8 టీఎంసీలకు పడిపోయింది. తర్వాత ఎత్తు పెంచి 17.8కి తెచ్చారు. నలభై ఏళ్లలో సగానికి పైగా చోటు మట్టితో నిండిపోయిందంటే ఎంత పెద్ద నష్టమో ఆలోచించండి. డ్యామ్ కట్టడం ఒక ఎత్తు, పైన వాలుల్లో మట్టి జారకుండా గట్లు వేయడం, చెట్లు నిలపడం, చిన్న వాగుల్లో రాతి అడ్డుకట్టలు కట్టడం ఇంకో ఎత్తు. ఆ రెండోది ఇంజినీర్ ఒక్కడు చేయలేడు, ఊళ్లో జనం చేతికి ఆ పని రావాలి. ఆ కాలంలో దాన్ని ఎవరూ అంతగా ఆలోచించలేదు.

ఆయన కాలంలోనే జరిగిన ఇంకో పని గురించి మన పత్రికల్లో ఎక్కువగా రాయరు. 1929లో ఉస్మానియా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ కాలేజీ పెట్టారు. పాఠాలు ఉర్దూలో. దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ సైన్సు, ఇంజినీరింగ్ పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చేది. ముప్పై ఏళ్ల ముందు అహ్మద్ అలీ లాంటి పిల్లాడు ఇంజినీర్ కావాలంటే సముద్రం దాటాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో మాట్లాడే భాషలో, ఊళ్లోనే నేర్చుకునే వీలు కలిగింది. ఆ రాజ్యంలో ఎక్కువమంది తెలుగువాళ్లు కదా, వాళ్లకు తెలుగులో ఎందుకు పెట్టలేదని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. తెలంగాణ తెలుగువాళ్లు ఆ బాధ చాలాకాలం మోశారు. కానీ చేతి పని, లెక్క పని సొంత భాషలో నేర్పొచ్చని చేసి చూపించిన కాలేజీ అది. ఈనాడు మన పిల్లలు ఐటీఐలో చేరి ఇంగ్లీషు పుస్తకం అర్థం కాక మధ్యలో మానేస్తుంటే నాకు ఆ కాలేజీయే గుర్తొస్తుంది.

నవాబ్ సాహెబ్ పేరు హైదరాబాద్ దాటి కూడా పోయింది. సింధులో సుక్కూర్ దగ్గర సింధు నది మీద బ్యారేజీ కడుతున్నప్పుడు, 1929లో ఆ పనిని పరిశీలించి చెప్పమని బొంబాయి ప్రభుత్వం పిలిచింది ఇద్దరిని. ఒకరు విశ్వేశ్వరయ్య, ఇంకొకరు అలీ నవాజ్ జంగ్. తుంగభద్ర నీళ్లలో మద్రాసుకెంత, హైదరాబాద్‌కెంత అనే తగాదా ఏళ్ల తరబడి నడిచింది. అందులో హైదరాబాద్ తరఫున వాదించినవాళ్లలో ఆయన ముఖ్యులు. 1944లో ఒప్పందం కుదిరింది, 1945 ఫిబ్రవరి 28న డ్యామ్‌కు రెండు ఒడ్డుల్లోనూ శంకుస్థాపన జరిగింది. ఒక ఒడ్డున మద్రాసు గవర్నర్, ఇంకో ఒడ్డున నిజాం కొడుకు. 1938లో కాంగ్రెస్ పార్టీ స్వతంత్ర భారతం కోసం జాతీయ ప్రణాళిక సంఘం వేసింది. సుభాష్ బోస్ వేశారు, నెహ్రూ అధ్యక్షుడు. అందులో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షుడిగా పెట్టింది ఈ నిజాం ఇంజినీర్‌నే. సంస్థానం మనిషా, కాంగ్రెస్ మనిషా అని చూడలేదు, పని తెలిసినవాడు కావాలనుకున్నారు.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రోజులు అక్కడి ముస్లిం కుటుంబాలకు ఎంత కష్టంగా గడిచాయో మన పెద్దవాళ్లకు తెలుసు. ఆ మరుసటి ఏడాది, 1949 డిసెంబర్ 6న అలీ నవాజ్ జంగ్ కన్నుమూశారు. వయసు 72. రాజ్యం పోయింది, రాజుతోపాటు ఆ రాజ్యంలో పనిచేసినవాళ్ల పేర్లూ పోయాయి. ఉమ్మడి రాష్ట్రంలో పాఠ్యపుస్తకాల్లో మనం కాటన్ దొర గురించి చదువుకున్నాం, విశ్వేశ్వరయ్య గురించి చదువుకున్నాం. అది సరైనదే. ఈయన గురించి నేనైతే చదువుకోలేదు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక అక్కడి ప్రభుత్వం ఆయన పుట్టినరోజు జూలై 11ని తెలంగాణ ఇంజినీర్స్ డేగా ప్రకటించింది. దేశమంతా సెప్టెంబర్ 15న విశ్వేశ్వరయ్య పేరు మీద జరుపుకుంటే, అక్కడ జూలై 11 కూడా జరుపుకుంటారు.

పేరు గుర్తుపెట్టుకోవడం ఒక సంగతి. ఆయన కట్టినవాటి చుట్టూ ఏం జరుగుతోందో చూడటం ఇంకో సంగతి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేశారు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగినప్పుడు పాతబస్తీ మీద పడింది ఎక్కువగా మూసీ కాదు. మైలార్‌దేవ్‌పల్లి దగ్గర పల్లె చెరువు, బార్కస్ దగ్గర గుర్రం చెరువు కట్టలు తెగాయి. హఫీజ్ బాబా నగర్ వీధుల్లో పడవలు తిరిగాయి. నూటపన్నెండేళ్ల కిందట విశ్వేశ్వరయ్య రాసిన 221 చెరువుల కథే మళ్లీ, ఈసారి కాలనీల మధ్యలో. పెద్ద డ్యామ్ నిలబడినా పక్కవీధి చెరువు నిలబడకపోతే ఇల్లు మునుగుతుంది.

ఆ చెరువుల్ని చూసుకునే మనుషులు ఒకప్పుడు ప్రతి ఊళ్లో ఉండేవారు. తెలంగాణలో నీరటి అనేవారు. తూము ఎప్పుడు తెరవాలి, అలుగు మీద ఎన్ని మూరల నీళ్లు పోతే కట్టకు ప్రమాదం, ఎలుక బొరియ ఎక్కడ పడింది, ఈ లెక్కలన్నీ వాళ్ల తలలో ఉండేవి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. అది కులానికి కట్టేసిన చాకిరీ, జీతం అంతంత మాత్రం, కాబట్టి ఆ పద్ధతి పోయిందని నేను బాధపడను. కానీ ఆ మనిషి పోయాక ఆ లెక్క కూడా పోయింది, ఆ స్థానంలో ఇంకెవరికీ నేర్పలేదు. 1997లో నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. ఎన్నికలు జరిగాయి, అధ్యక్షులయ్యారు. తూము పని తెలిసినవాళ్లు మాత్రం చాలా ఊళ్లలో తయారు కాలేదు.

ఇక్కడే గరికపాడు మళ్లీ గుర్తొస్తుంది. చెక్‌పోస్టు ఒక్కటే కాదు, ఆ ఊళ్లో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. ఈ కేంద్రాలు దేశమంతా ఉన్నవే, రైతులకు, పల్లె యువతకు పని నేర్పడం వాటి బాధ్యత. పక్కనే వాగు, చుట్టూ మెట్ట పొలాలు, కళ్లముందు కోసుకుపోయిన రోడ్డు. వాన నీటి పని నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠశాల ఎక్కడ దొరుకుతుంది? మన ఇళ్లలో పిల్లలు ప్లంబింగ్, ఏసీ మెకానిక్, ఎలక్ట్రికల్ పనులు నేర్చుకుని గల్ఫ్ పోతున్నారు. ప్లంబింగ్ వచ్చినవాడికి వాన నీటి పని సగం వచ్చినట్టే. మిగతా సగం నేర్పేవాళ్లు కావాలి, నేర్చుకుంటామని అడిగే ఊళ్లు కావాలి. జగ్గయ్యపేటలోనో, నందిగామలోనో ఒక మసీదు కమిటీ, ఒక పొదుపు సంఘం, ఒక పంచాయతీ కలిసి 20 మంది పేర్లు రాసుకుని అడగడానికి వెళ్తే కాదంటారని నేను అనుకోను.

ఏం నేర్చుకోవాలి అంటారా. ముందు లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా, అంటే సుమారు 120 గజాలు. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. 90,000 లీటర్లు. ఆవిరికి, మొదటి వాన మురికికి అయిదో వంతు తీసేయండి. ఇంకా 72,000 లీటర్లుంటాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు 14 అన్నమాట. ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టిన ఇల్లాలికి ఆ పద్నాలుగు అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

తర్వాత మట్టి. మన వైపు చాలాచోట్ల నల్లరేగడి. దానిలో నాలుగడుగుల గుంత తీసి కంకర పోస్తే నీళ్లు ఇంకవు, నిలిచి దోమలు పెడతాయి. 2000లో నీరు-మీరు కార్యక్రమం వచ్చినప్పుడు, ఆ తర్వాత కూడా, తవ్విన ఇంకుడు గుంతల్లో చాలా పనికిరాకుండా పోవడానికి ఇదొక కారణం. రేగడి దాటి కింద మురం తగిలేదాకా పోవాలి. లేదంటే నీటిని వడగట్టి ఎండిన బోరు పక్కన గుంతలోకి పంపాలి. పెద్ద రాళ్లు అడుగున, పైన చిన్న కంకర, ఆపైన ముతక ఇసుక. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడగాలి. మొదటి వాన నీళ్లు పక్కకు పోయేలా గొట్టానికి ఒక వాల్వు పెట్టాలి. నిండాక పొర్లే నీళ్లు ఇంటి పునాది వైపు పోకూడదు. మరుగుదొడ్డి గుంతకు దూరంగా ఉండాలి. ఇవన్నీ ఒక్క రోజు మీటింగ్‌లో చెప్తే రావు, తవ్వుతూ నేర్చుకోవాలి. వీధి స్థాయికొస్తే కాలువ వాలు పట్టడం. పారదర్శక గొట్టంలో నీళ్లు పోసి రెండు చివర్లూ పట్టుకుంటే ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో మేస్త్రీలు చెప్పేస్తారు. పెద్ద మిషన్ అక్కర్లేదు. వీధి కాలువ వాగులో కలిసేచోట చెత్త పేరుకుంటే ఊరంతా మునుగుతుందని తెలియడం కూడా ఆ పనిలో భాగమే.

మసీదుల్లో వజూ నీళ్ల సంగతి కూడా. మనిషికి 3 లీటర్లు, పూటకి 50 మంది, రోజుకి 5 పూటలు అనుకుంటే 750 లీటర్లు. సబ్బు కలవని నీళ్లు అవి. చాలాచోట్ల నేరుగా మురుగు కాలువలోకి పోతున్నాయి. వాటిని ఒక గుంతకో, నాలుగు చెట్లకో మళ్లించడానికి ఒక గొట్టం, రెండు రోజుల కూలి చాలు. ఆ పని నేర్చుకున్న కుర్రాడు రేపు బడికి, ఎల్లుండి ఫంక్షన్ హాలుకి అదే పని చేసి డబ్బు సంపాదించుకోవచ్చు.

నేను పోయిన నెల గరికపాడు మీదుగా వెళ్లాను. బస్సు వంతెన మీద నెమ్మదించింది. కింద పాలేరు ఎప్పటిలాగే సన్నగా పారుతోంది. ఆ వాగును ఎగువన పట్టి నిలిపిన ఇంజినీర్ పేరు ఆ చుట్టుపక్కల ఏ బోర్డు మీదా నాకు కనిపించలేదు. ఇది రాస్తుండగా మా మసీదు కమిటీలో పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, వజూ నీళ్ల గుంత ఎంత లోతు తవ్వాలని అడిగారు. మురం తగిలేదాకా అని చెప్పాను. ఎన్ని అడుగులకు తగులుతుందో తవ్వితేగానీ తెలియదు. జుమా తర్వాత మొదలుపెడతామన్నారు.